నేల వంటిల్లు, గట్టు వంటిల్లు

రాజమండ్రి దానవాయిపేటలో ఏ అపార్ట్‌మెంటు వంటింట్లోకి తొంగిచూసినా గోడవారగా రెండడుగుల వెడల్పున గ్రానైటు గట్టు ఉంటుంది. దాని మీద గ్యాసు పొయ్యి, మిక్సీ, రైస్ కుక్కరు, మంచినీళ్ళ టిన్ను, ఉప్పు డబ్బా, జిడ్డు పట్టిన నూనె సీసా, మీగడ తీయాల్సిన పాలగిన్నె, సగం తరిగి వదిలేసిన అల్లం కొమ్ము. జొన్నాడ వంతెన దాటి రావులపాలెం మీదుగా కోనసీమలోకి దిగితే ఇంకా పడగొట్టని మండువా లోగిళ్ళు కొన్ని కనిపిస్తాయి. వాటిలో పాత వంటిల్లు మార్చకుండా ఉంచిన చోట గట్టే లేదు. పొయ్యి నేల మీద, కత్తిపీట గోడకు ఆనించి, గూట్లో ఉప్పుజాడీ, పైన ఉట్టి, మధ్యంతా ఖాళీ. ఈ రెండూ ఎరిగిన పెద్దవాళ్ళు సాధారణంగా ఒకే తీర్పు ఇస్తారు. "మా అత్తగారి హయాంలో వంటిల్లు అద్దంలా ఉండేదమ్మా. ఇప్పటి పిల్లలకి సర్దుకోవడం చేతకాదు."

తీర్పులో సగం నిజమే. అది ఖాళీగా ఉండేది, ఇది కిక్కిరిసి ఉంటోంది. అయితే అందుకు కారణాన్ని ఆడవాళ్ళ చేతుల్లో వెతకడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. రెండు కావ్యాలను పక్కపక్కన పెట్టి చదివినట్టు ఈ రెండు గదులనూ పెట్టి చదవాలి. ఏ వస్తువు ఎక్కడ కూర్చుంది, ఎందుకు కూర్చుంది, అక్కణ్ణించి దాన్ని ఎవరు తీస్తున్నారు అని అడగాలి. అప్పుడు లెక్క వేరేగా తేలుతుంది.

ముందు నేల వంటింటి సంగతి. అక్కడ కూర తరిగేదీ, పిండి కలిపేదీ, నడిచేదీ నేల మీదే. చాలా ఇళ్ళలో పీటలు వేసి విస్తళ్ళు పరిచేదీ అక్కడే. అడుగు వేయాల్సిన చోట, అన్నం తినాల్సిన చోట ఏ గిన్నె అయినా పూటకు మించి ఉండడానికి వీల్లేదు. వంట ముగియగానే తొక్కలు చేటలోకి, చేట పెరట్లోకి. పొయ్యి అలికి ముగ్గు వేస్తే గాని మర్నాటి వంట మొదలయ్యేది కాదు. మడి కట్టుకునే ఇళ్ళలో అంటు భయం దీనికి తోడు. మిగిలిన క్రమశిక్షణ చీమలూ పిల్లులూ నేర్పేవి.

కింద పెట్టడానికి లేదు గనుక వస్తువులన్నీ పైకి పోయాయి. పాలు, పెరుగు, వెన్న ఉట్టి మీదికి. ఉప్పు, చింతపండు గోడలో కట్టిన గూటికి. ఆవకాయ జాడీలూ, పండక్కి గాని దించని ఇత్తడి గంగాళాలూ అటక మీదికి. ఆ ఇత్తడి తణుకు దగ్గరి అజ్జరంలో పోతపోసినదైతే దానికో గౌరవం కూడా. డెల్టాలో అటకకు ఇంకో ప్రయోజనం ఉంది. లంక గ్రామాలకు వరద కొత్త కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులతో వచ్చినప్పుడు లంకల్లో నేల మీద ఉన్నది నీటిపాలైంది. ఏటిగట్టు లోపల బతికేవాళ్ళు బియ్యాన్నీ అగ్గిపెట్టెనూ ఎత్తున దాచడంలో సర్దుబాటు సోకు ఏమీ లేదు.

వంటింట్లో ఉన్నవాటి కన్నా లేనివి ఇంకా ముఖ్యం. రుబ్బురోలు వెనక పంచలో పాతి ఉండేది. ఆ బరువును గదిలోకి తేవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. దంచడం వసారాలో, సామాను తోమడం నూతి దగ్గర. నీళ్ళ బిందెలకు వేరే అరుగు. వరద రోజుల్లో ఎర్రనీళ్ళలో ఇండుప గింజ అరగదీసి కలిపి తేరనిచ్చేదీ అక్కడే. కొబ్బరి మట్టలు, డొక్కలు చూరు కింద, రైసుమిల్లు ఊక బస్తా గొడ్లపాకలో. పాలు గంటల తరబడి ఎర్రగా కాగేది పెరట్లో దాలి మీద. గంజి, కడుగునీళ్ళు, తొక్కలు కుడితి గోలెంలోకి, అక్కణ్ణించి గేదె కడుపులోకి. ఇంతా పోగా గదిలో మిగిలింది వంట ఒక్కటే. వంటకు ముందూ వెనకా ఉన్న చాకిరీ అంతా ఇంటి వెనకాల అయిదారు చోట్ల పరుచుకుని ఉంది. అంత పెరడు అండగా ఉంటే ఏ గదైనా ఖాళీగానే ఉంటుంది.

ఈ అమరికలోని అసలు గొప్పతనం ఇప్పటికీ చూడాలంటే ఆత్రేయపురం వెళ్ళాలి. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణాల్లో చుట్టలు చుట్టే బల్లలను వదిలేసి రేకు తీసే ఇంటికి వెళ్ళండి. రేకు తీసే ఆవిడ కూర్చుని ఉంటుంది. ఎదురుగా బోర్లించిన కుండ, దాని కడుపులో కొబ్బరి కమ్మల మంట. ఒక పక్క వెడల్పాటి పళ్ళెంలో పల్చటి బియ్యప్పిండి జావ, అందులో తడిసే గుడ్డ. ఇంకో పక్క తీసిన రేకుల దొంతర. గుడ్డను జావలో ముంచి కుండ మీద పరిచి లాగితే రెప్పపాటులో పొర అంటుకుని ఆరిపోతుంది, దాన్ని వేళ్ళతో లేపి దొంతర మీద వేస్తుంది. ఆవిడ లేవాల్సిన పని లేదు. చెయ్యి చాపితే అందని వస్తువు లేదు, అందే దూరంలో అక్కర్లేని వస్తువూ లేదు. అక్కడ ఇంకొక్క గిన్నె పెట్టి చూడండి, గుడ్డ పరిచే చేతికి తగిలి రేకు చిరుగుతుంది. పని సాగాలంటేనే చోటు శుభ్రంగా ఉండాలి. పని అయ్యాక విడిగా చేసే సర్దుడు అక్కడ దాదాపు లేదు. నేల వంటింటిని పొగిడేవాళ్ళు పొగడాల్సింది ఈ చేతి దూరపు లెక్కను. అలికిన నేల నునుపును ఎందుకు పొగుడుతారో నాకు అర్థం కాదు.

పొగడ్తకు ఒక హద్దు కూడా ఉంది. ఆ మనిషి పూటంతా మంట ఎదురుగా ఒకే ఆసనంలో కూర్చుంటుంది. నేల వంటింట్లో కళ్ళు పొగకు, నడుం వంగుడికి, మోకాళ్ళు లేచి కూర్చోవడానికి బలి. ఇక ఆ ఖాళీని కాపాడిన చేతుల లెక్క వేరు. దానికి రాజమండ్రి చరిత్రలోనే సాక్ష్యం దొరుకుతుంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఆ ఇంటిని వెలివేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టారు. ఆవిడ ధైర్యానికి గుర్తుగా ఈ సంగతి చెప్పుకుంటాం, సబబే. వంటింటి వైపు నుంచి చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆ కాలపు పెద్దింటి వంటగది ఎందరి చేతుల మీద నిలబడిందో ఆ చేతులు ఆగిన రోజున గాని తెలిసిరాలేదు. నూతి దగ్గర కూర్చుని లోగిలి సామానంతా తోమిపెట్టిన ఆడమనిషి సాయంత్రం తన ఇంటికి పోతే అక్కడ వంటిల్లనే గదే లేదు. పాకలో ఒక మూల, ఎండాకాలమైతే చూరు కింద మూడు రాళ్ళు. "మా రోజుల్లో" అని మొదలయ్యే మాటల్లోకి ఆ మూల ఎప్పుడూ రాదు.

గట్టు ఎలా వచ్చిందో చూద్దాం. నిలబడి వండడం మన ఇళ్ళకు ప్రధానంగా గ్యాసుతో వచ్చింది. సిలిండరు నిటారుగా నిలబెట్టాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి అన్నది గ్యాసు కంపెనీలు చెప్పే జాగ్రత్త. సిలిండరు నేల మీద నిలబడ్డాక పొయ్యి నడుం దాకా లేవక తప్పదు. 14.2 కిలోల గ్యాసు పట్టే ఇనుప సీసా ఎత్తు మన వంటిళ్ళ రూపాన్నే మార్చేసింది. పట్టణాల్లో ముందు కడప రాయి పలక వచ్చింది, తర్వాత చీమకుర్తి నుంచి చుక్కల నల్ల గ్రానైటు. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు కనెక్షన్లు ఇవ్వడం మొదలయ్యాక పల్లెల్లోనూ పొయ్యి లేచి నిలబడింది. గట్టు కట్టే స్తోమతు లేకపోతే ఒక చెక్కబల్ల మీద. దీనితో పొగ పోయింది, ఊదుగొట్టం పోయింది, నడుం వంపు తగ్గింది. ఈ లాభాన్ని చిన్నబుచ్చే పాతకాలపు పొగడ్త ఎంత అందంగా ఉన్నా నేను ఒప్పుకోను.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పొయ్యితో పాటు పెరడు కూడా పైకెక్కింది. రుబ్బురోలు మిక్సీగా, గ్రైండరుగా వచ్చింది. నుయ్యి సింకుగా, ఫిల్టరుగా, 20 లీటర్ల టిన్నుగా వచ్చింది. దాలి పాలగిన్నెగా, కుడితి గోలెం సింకు మూల వేలాడే ప్లాస్టిక్ సంచిగా వచ్చాయి. గడప అవతల అయిదారు చోట్ల, కొంత మగవాళ్ళూ కొంత కూలివాళ్ళూ కొంత ఇంటి ఆడవాళ్ళూ చేసిన పని మొత్తం ఎనిమిది పదడుగుల రాతి మీదికి వచ్చి కూర్చుంది. బిల్డరు ఇచ్చే రెండు ప్లగ్గులు ఆ గట్టు పైనే జానెడు ఎత్తున ఉంటాయి. మిక్సీ ఎక్కడ ఉండాలో ఇల్లాలి కన్నా ముందు ఎలక్ట్రీషియన్ తేల్చేశాడు. గట్టు కింది చోటు సిలిండర్లకూ పైపులకూ పోయింది. పై అలమర చివరి అర అందడానికి స్టూలెక్కాలి. రోజూ స్టూలెక్కే ఓపిక ఎవరికుంటుంది?

ఇంకో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని దీని మీద నేను ఎక్కువ బరువు పెడతాను. నేల మీద వదిలేసిన గిన్నె కాలికి తగులుతుంది. కాబట్టి ఎవరో ఒకరు తీస్తారు. గట్టు మీద వదిలేసిన గిన్నె ఎవరి దారికీ అడ్డం రాదు. భోజనం డైనింగ్ టేబుల్ మీదికి పోయింది గనుక తినడానికైనా గట్టు ఖాళీ చేయాల్సిన అగత్యం లేదు. మాత్రల డబ్బా, కరెంటు బిల్లు, ఫోను చార్జరు, పొద్దున పువ్వులమ్మాయి ఇచ్చిన పొట్లం అన్నీ అక్కడ నిలబడిపోతాయి. నేల వంటిల్లు తనంతట తాను సర్దించుకునేది. గట్టు వంటింటికి ఆ గుణం లేదు, అది ఒకరి జ్ఞాపకశక్తి మీద, ఒకరి విసుగు మీద ఆధారపడుతుంది. ఆ ఒకరు ఎవరన్నది మారలేదు. పనమ్మాయి వచ్చే వేళను బట్టి సింకు నిండుతుంది, ఖాళీ అవుతుంది. ఆవిడ రాని రోజున ఏ ఇంటి గట్టు చూసినా రాత్రి ఏం తిన్నారో చెప్పేయొచ్చు.

ఈ పోలికలోకి మూడో వంటింటిని కూడా పిలవాలి, ఎందుకంటే మనం గట్టును కొలిచే కొలబద్ద అక్కణ్ణించి వచ్చింది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మికులకూ చిన్న ఉద్యోగులకూ ఇళ్ళు కడుతున్నప్పుడు మార్గరెటె ష్యూటె లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి వాటికి వంటగది గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైలు భోజనశాల వంటగదిని నమూనాగా పెట్టుకుంది. ఎన్ని అడుగులు వేయాలో లెక్కగట్టింది. పిండికీ పంచదారకూ పప్పుకూ విడివిడిగా పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు అమర్చింది. అలాంటివి సుమారు 10,000 కట్టారు. నేటి మాడ్యులర్ కిచెన్ దుకాణంలో మెరిసే నమూనా ఆ గది వంశంలోదే. చేతి దూరపు లెక్కలో ఫ్రాంక్‌ఫర్ట్ ఆవిడా ఆత్రేయపురం ఆవిడా ఒకే బడిలో చదివారనిపిస్తుంది. అయితే ఆ గది ఒక్క మనిషి కోసం గీసినది. ఇద్దరు పడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగులుతుంది. అక్కడ ఇడ్లీ పిండి పొంగదు, పులుసు మరగదు, మామిడికాయల కాలంలో ఇంటిల్లిపాదీ చేరి వంద కాయలు కొట్టరు. ఆ వంటకు సరిపోయే ఖాళీని తెచ్చి మన వంట మీద రుద్దితే మన గట్టు ఎప్పటికీ మురికిగానే కనిపిస్తుంది.

మన రచయిత్రులు ఈ సంగతిని వాస్తుశిల్పుల కన్నా ముందుగా పట్టుకున్నారు. పి. సత్యవతి కథ "ఇల్లలకగానే", విమల కవిత "వంటిల్లు" ఈ రెండూ ఒకే తరం స్త్రీవాద రచనలు, ఎక్కువగా కలిపే చదువుతాం. నాకు అవి రెండు వేర్వేరు గదుల్లో నిలబడినట్టు ఉంటాయి. సత్యవతి కథలో ఇల్లాలు ఇల్లు అలకడంలో మునిగిపోయి తన పేరే మరిచిపోతుంది. అక్కడ బాధ నేల శుభ్రతలో ఉంది. ఎంత బాగా అలికితే అంతగా మనిషి చెరిగిపోతుంది. ఆ కథ చదివాక "అద్దంలా ఉండేది" అన్న పొగడ్త మునుపటిలా వినిపించదు. విమల గది మొత్తాన్నే బోనెక్కించింది. గ్యాసు పొయ్యి, గ్రైండరు, సింకు అమరిన కొత్త వంటింటిని కూడా వదల్లేదు. స్టీలు గిన్నెల మీద చెక్కించిన పేరు తండ్రిది అని చూపించడంలో ఆమె చూపు సూదిమొన. పోల్చి చెప్పమంటే నా ఓటు సత్యవతికి. విమల వంటింటిని కూలగొట్టమంది, ఆ కోపం న్యాయమైనదే, కాని మర్నాడు అన్నం ఎక్కడ వండాలన్న ప్రశ్న అలాగే ఉంది. సత్యవతి మాత్రం శుభ్రత అనే కొలతనే ప్రశ్నించింది. గట్టు గురించి ఆలోచించేవాళ్ళకు ఆ ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది.

ఆ కొలత ఎంత బూటకమో తెలియాలంటే ఈ పదిహేనిరవై ఏళ్ళలో డెల్టా పల్లెల్లో లేచిన కొత్త డాబాలు చూడాలి. గల్ఫు సంపాదనో, రొయ్యల చెరువుల సంపాదనో, పిల్లల అమెరికా ఉద్యోగమో వెనక ఉంటుంది. లోపల గ్రానైటు గట్టు, నిగనిగలాడే అలమరలు, పొయ్యి మీద పొగలాగే యంత్రం. గట్టు మీద ఒక పూలకుండీ. వెనక తలుపు తీస్తే రేకుల పంచ. అందులో ఇంకో గ్యాసు పొయ్యి, పక్కన కట్టెల పొయ్యి, రుబ్బురోలు, నీళ్ళ డ్రమ్ము. చేపల పులుసు ఉడికేది అక్కడే, గారెలు వేగేది అక్కడే, సామాను తోమేది అక్కడే. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ తెలుగువాళ్ళు కొందరు గ్యారేజీలో రెండో పొయ్యి పెట్టుకోవడం, కొత్తగా కట్టించుకునేవాళ్ళు పోపుల ఘాటు కోసం వెనక ఇంకో చిన్న వంటగది అడగడం ఇదే పద్ధతి. ముందు గది ఖాళీగా ఉండడానికి వెనక ఒక పెరడు కావాలి. మండువా లోగిలికి తెలిసిన సూత్రం ఇది. ఒప్పుకోవడం ఇష్టం లేక దానికి రేకులు కప్పాం.

కాబట్టి గట్టు కిక్కిరిసిందని సంజాయిషీ అడగాల్సింది ఇల్లాలిని కాదు, ప్లాను గీసినవాణ్ణి. రెండు వంటిళ్ళలో దేని నుంచి ఏది తీసుకోవాలో అడిగితే ఎత్తు గట్టుది తీసుకుంటాను, అమరిక నేలది. అన్ని మార్పుల్లోనూ చెక్కుచెదరకుండా దాటి వచ్చిన వస్తువు పోపుల డబ్బా ఒక్కటే అనిపిస్తుంది. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు, మిరపకాయలు ఒకే మూత కింద. నేల మీద ఎంత చోటు తీసుకుందో గట్టు మీదా అంతే తీసుకుంటుంది, పని కాగానే మూసుకుంటుంది. మిగతా వస్తువులకు అలాంటి ఇల్లు ఎవరూ ఆలోచించలేదు. ఉట్టిని మోటని వదిలేశాం, దాని బదులు గోడకు ఒక ఇనుప పట్టీ, నాలుగు కొక్కేలు పెడితే గరిటెలూ మూతలూ గట్టు దిగిపోతాయి. గూడు పోయి లోతైన అలమర వచ్చింది, అందులో ముందు వరస డబ్బాలే కనిపిస్తాయి. ఒక్క డబ్బా లోతున అర కట్టించమంటే వడ్రంగి వింతగా చూస్తాడు, అయినా అడగాలి. ఆవకాయ జాడీ గట్టు మీద ఉండకూడదు, దాని కింద నూనె ఉంగరం ఎన్నిసార్లు తుడిచినా వస్తుంది. మిక్సీని మాత్రం దాచమనను. రోజూ రెండు పూటలా పచ్చడి నూరే ఇంట్లో మిక్సీని అలమరలోకి తోసి బయటికి లాగడం ఫోటో కోసం చేసే చాకిరీ. పొయ్యికి ఒక పక్కన చాకూ చెక్కా పెట్టుకునేంత చోటు, రెండడుగులు, ఎప్పుడూ ఖాళీగా ఉంటే వంట సాగుతుంది. మిగతా గట్టు మీద ఏముందన్నది చుట్టాల పరామర్శ విషయం.

రాజమండ్రిలో మోరంపూడి వైపో లాలాచెరువు వైపో ఫ్లాటు కొనేవాళ్ళు హాలు ఎంత పెద్దదో చూస్తారు, వాస్తు చూస్తారు, లిఫ్టు చూస్తారు. వంటింటి వెనక మూడడుగుల బాల్కనీని వాషింగ్ మెషీన్‌కు వదిలేస్తారు. అక్కడే ఒక రాతి పలక, ఒక కుళాయి, ఒక ప్లగ్గు, తడి చెత్తకు మూత ఉన్న బకెట్టు పెట్టుకునే మూల అడగండి. గ్రైండరు, టిన్ను, తోమాల్సిన సామాను మూడూ ఒకేసారి గట్టు దిగి బయటికి పోతాయి. ఇల్లు కట్టేటప్పుడైతే బిల్డరుకు అది పెద్ద ఖర్చు కూడా కాదు.